మూడో జత చెప్పులు

హాస్టల్ గోడలకు రంగు వేస్తున్నారంటే మిగతావాళ్లు సంతోషపడతారు. నేను మాత్రం ఎవరిని ఖాళీ చేయిస్తున్నారో అని చూస్తాను. నోటీసు బోర్డులో "మెరుగైన వసతి" అన్న మాట కనబడితే చాలు, కింద చిన్న అక్షరాల్లో ఏముందోనని వెతుకుతాను. కింద ఏమీ లేకపోతే ఇంకా భయం. రాయనిదేదో ఉందన్నమాట. మా ఇంట్లోవాళ్లు దీన్ని అనుమానపు జబ్బంటారు. ఢిల్లీలో తొమ్మిదేళ్లు హాస్టల్ గదుల్లో బతికితే ఎవరికైనా పడుతుంది ఈ జబ్బు. నాకు కొంచెం ఎక్కువ పట్టింది, అంతే.

ఇప్పుడు నేను గ్రేటర్ నోయిడాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నాను. ఇక్కడి ఆడపిల్లల పాత హాస్టల్‌ను బాగుచేయాలా వద్దా అని ఒక కమిటీ వేసి, అందులో నన్నూ కూర్చోబెట్టారు. పాత కట్టడం మీద డబ్బు పెట్టడం దండగ అనేవాళ్లున్నారు. నన్నడిగితే పెట్టాలనే అంటాను. పిల్లలు పడుకునే చోటు కన్నా ముందు బాగుచేయాల్సింది యూనివర్సిటీలో ఇంకేముంటుంది. కానీ ఆ మాటను కూడా పూర్తి నమ్మకంతో అనలేను. ఎందుకో చెప్పాలంటే నేను పీహెచ్‌డీ చేసిన రోజుల్లోని ఒక గది గురించీ, అందులో లేనట్టుగా ఉన్న ఒక పిల్ల గురించీ చెప్పాలి.

అది దక్షిణ ఢిల్లీలో ఒక పెద్ద యూనివర్సిటీ. మా హాస్టల్ రెండో అంతస్తులో ఇద్దరికి ఒక గది. నాతో ఉన్న అమ్మాయిది తెనాలి వైపు. పైకప్పు పెచ్చులూడి మంచం మీద పడేది. వానాకాలం గోడ చెమ్మెక్కి, ఆనించి పెట్టిన పుస్తకాలు ఉబ్బేవి. చలికాలం సంగతి చెప్పక్కర్లేదు. మా అంతస్తుకు వేడినీళ్లు ఎక్కవు. బకెట్‌లో ఇమ్మర్షన్ రాడ్డు పెట్టుకుని, అది కాగేదాకా తలుపు గడియ వేసుకుని కూర్చునేవాళ్లం. రాడ్డు పెట్టుకోవడం నేరం. పెట్టుకోకపోతే స్నానం లేదు.

ఒక చలికాలం నోటీసు వచ్చింది. హాస్టల్ వైరింగ్ అంతా మారుస్తారట. ఎంత కరెంటు కావాలో లెక్కవేయడానికి, ఎవరి గదిలో ఏ పరికరాలున్నాయో నిజాయితీగా రాసివ్వమన్నారు. "కుచ్ నహీ హోగా" అని అప్పటి వార్డెన్ హామీ ఇచ్చింది. ఏమీ కాదని. నేను అప్పటికింకా మనుషులను నమ్మే రకం. ఒక రాడ్డు, ఒక ఇండక్షన్ పొయ్యి, ఒక కెటిల్ అని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. మా తెనాలి అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే మిషన్ని కూడా మరిచిపోకుండా చేర్చాను.

నాలుగో రోజు గార్డులు వచ్చారు. చేతిలో మా లిస్టే ఉంది. ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ పట్టుకుపోయారు. కెటిల్ కనబడకపోతే "ఇందులో రాశారు కదా, ఏది" అని అడిగి మరీ తీసుకుపోయారు. వైరింగ్ మారలేదు. మా తెనాలి అమ్మాయి ఆ పొయ్యి మీదే పప్పుచారు కాచేది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది, అది ఇంకా ఘోరం. "నువ్వు హరిశ్చంద్రుడి చెల్లెలివి అయితే నీ సామాన్ల వరకే రాసుకోవాల్సింది" అంది. ఆ రోజు నేను ఒట్టు పెట్టుకున్నాను. యూనివర్సిటీ అడిగిన కాగితం మీద ఇక జన్మలో నిజం రాయనని.

ఆ మరుసటి ఏడు వచ్చింది ఆ పిల్ల. ఎం.ఏ. హిస్టరీలో సీటొచ్చింది, హాస్టల్ రాలేదు. వెయిటింగ్ లిస్టులో చాలా కిందుంది. మాది ఒకే జిల్లా. ఎవరో నా నంబరిస్తే తండ్రిని వెంటబెట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చింది. ఆయన ఆర్టీసీ కండక్టర్. రెండు రోజులు క్యాంపస్ బయట సందుల్లో గదులు చూశాడు. కిటికీల్లేని గదులు, మెట్ల కింద వంటిళ్లు, రెండిళ్ల మధ్య చెయ్యి చాపితే తగిలే గోడలు. మూడో రోజు పొద్దున సంచి సర్దుకుని వచ్చాడు.

"హాస్టల్ల ఉంటేనే చదువు బిడ్డా" అన్నాడు నాతో. "బయటి రూములల్ల అంటే నేను తోల్కపోత. ఆమె ఏడ్సినా సరే."

ఆ పిల్ల ఏడవలేదు. గోడనానుకుని నిలబడి తన కాలివేళ్లు చూసుకుంటోంది. ఆ నిలబడటం చూసి నాకు మనసాగలేదు.

"నా రూముల ఉంటది అంకుల్" అన్నాను. "హాస్టల్ వచ్చేదాక నాది పూచి."

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. టికెట్ తీసుకున్నానని చెప్పే ప్రయాణికుణ్ణి చూసే చూపు అది. తరువాత తలూపి, పిల్లను నాకప్పగించి, ఆ సాయంత్రం రైలెక్కేశాడు.

ఇక మా గదిలో ముగ్గురం. ఇది కొత్త సంగతేమీ కాదు. ఆ హాస్టల్లో సగం గదుల్లో లెక్కలో లేని మనిషి ఒకరుండేవారు. చెల్లెలో, ఊరి పిల్లో, వెయిటింగ్ లిస్టులో ఇరుక్కున్న జూనియరో. దొరికితే ఆ మనిషిని బయటికి పంపి, ఉంచుకున్నవాళ్ల హాస్టల్ సీటు కూడా తీసేస్తామని రూలుండేది. అందుకని నేను కూడా రూళ్లు పెట్టాను. పరుపు పగలు చుట్టి మంచం కింద తొయ్యాలి. వరండాలో పేరు పెట్టి పిలుచుకోకూడదు. మెస్ నుంచి అన్నం మేం టిఫిన్ డబ్బాలో తెస్తాం, గదిలోనే తినాలి. అన్నిటికన్నా ముఖ్యమైన రూలు చెప్పులది.

మేం తెలుగువాళ్లం చెప్పులు గుమ్మం బయట విడుస్తాం. మా వరుసలోని మిగతా పిల్లలు చెప్పులతోనే గదిలోకి వెళ్లి మంచం పక్కన విడిచేవాళ్లు. అందుకని వాళ్ల గదిలో ఎందరున్నారో తలుపు తీస్తే తప్ప తెలియదు. మా గదికి ఆ అవసరం లేదు. గుమ్మం ముందు జతలు లెక్కపెట్టుకుంటే చాలు. సాయంత్రం గస్తీకొచ్చే గార్డు దీదీ సరిగ్గా అదే చేస్తుందని నాకు అనుమానం. కాబట్టి బయట ఎప్పుడూ రెండు జతలే ఉండాలి. మూడో జత న్యూస్ పేపర్లో చుట్టి మంచం కిందికి పోవాలి.

మేం కూడా లోపలికొచ్చి విడిస్తే గొడవే ఉండదు కదా అంటే, అది మాత్రం మా ముగ్గురిలో ఎవరి వల్లా కాలేదు. రూలు తప్పడానికి సిద్ధమే గానీ, చెప్పులతో గదిలోకి రావడానికి కాళ్లు ఒప్పుకోలేదు. ఆ పిల్ల గుమ్మం బయట చెప్పులు విడిచి, వంగి వాటిని చేత్తో పట్టుకుని, అటూ ఇటూ చూసి లోపలికొచ్చేది. నీలం పట్టీల చెప్పులు. ఒక్కోసారి ఆ తతంగం చూసి మా తెనాలి అమ్మాయి పడీపడీ నవ్వేది. "దొంగతనానికొచ్చినా మడి మానదే ఈ పిల్ల" అనేది. ఆ పిల్లా నవ్వేది. పుస్తకం ముందేసుకుని కూర్చుంటే మాత్రం పిలిచినా పలికేది కాదు. నోట్సు రాసుకుంటూ చెమ్మ గోడను అలవాటుగా వీపుతో ఆనుకునేది. ఆమె చొక్కా వెనుక ఎప్పుడూ సున్నం మరకే.

చలి తగ్గుతున్న రోజుల్లో కొత్త వార్డెన్ వచ్చింది. హిందీ డిపార్ట్‌మెంట్‌లో పాఠాలు చెప్పే మేడమ్. వచ్చిన నెలకే, హాస్టల్ మొత్తం బాగుచేయబోతున్నారని వార్త. పెచ్చులూడిన కప్పు తీసేసి కొత్తది వేస్తారట, నీళ్లు పైదాకా ఎక్కుతాయట, పక్కన కట్టిన కొత్త బ్లాకులోకి మమ్మల్ని మారుస్తారట. ఇన్ని "అట"లు వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. మొదటి నుంచీ నేను ఒకటే అన్నాను. బాగుచేయడం పేరుతో మనల్ని దించి, మళ్లీ ఎక్కించేటప్పుడు ఒక్కొక్క తలా లెక్కపెడతారని.

ఒక ఆదివారం పొద్దున వార్డెన్ మేడమే తలుపు కొట్టింది. గార్డులు లేరు, ఒంటరిగా ఉంది. చేతిలో ఫారాలు. ఆ పిల్ల పోయి వెనుక బాల్కనీలో ఆరేసిన దుప్పటి చాటున కుక్కిన పేనులా నిలబడిపోయింది. మేడమ్ గుమ్మం దాటి లోపలికి రాలేదు. బయటి నుంచే ఫారమిచ్చింది. గది ఎలా ఉంది, కప్పు కారుతోందా, ఇందులో నిజంగా ఎంతమంది ఉంటున్నారు, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లెవరైనా ఉంటే వారి పేరు, దరఖాస్తు నంబరు. అవీ ప్రశ్నలు.

"సచ్ లిఖ్‌నా, బేటా" అంది. "కుచ్ నహీ హోగా."

నిజం రాయండమ్మా, ఏమీ కాదు. అదే మాట. వైరింగప్పుడు విన్న మాటే, గొంతు వేరు. నా ఒళ్లు మండింది. మర్యాదగా నవ్వి ఫారం తీసుకున్నాను.

ఆమె మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా ఆగాక ఆ పిల్ల బాల్కనీ నుంచి వచ్చింది. నా భుజం మీదుగా ఫారం చదివింది.

"అక్కా, వెయిటింగ్ లిస్టుల ఉన్నోళ్ల నంబరు అడుగుతున్నరు గదా" అంది. "రాస్తే మంచిదేమో. ఊకెనే నంబరెందుకు అడుగుతరు?"

"దొరకవట్టనీకి" అన్నాను. "పోయినసారి రాసిస్తే రాడ్డు పోయింది. ఈసారి నువ్వు పోతవ్."

మా తెనాలి అమ్మాయి మంచం మీద కూర్చుని గోళ్లు కత్తిరించుకుంటోంది. "మరీ అంత అనుమానమైతే ఎలాగే" అంది. "ఆవిడ కొత్తావిడ. కాపలా వాళ్లని కూడా తీసుకురాలేదు చూడు. ముగ్గురని రాసేద్దాం, పోనీ."

"మొహాలు చూసి ఫారాలు నింపుతమా? నీ సీటు గుడ పోతది, చూస్కో."

ఆ మాటతో ఆమె తగ్గింది. ఆ పిల్ల తగ్గలేదు. "నేనే పోయి మేడంని అడిగొస్తనక్కా, మీ పేరు చెప్పను" అంది. అప్పుడు నేను గొంతు పెంచాను. మీ బాపుకి మాటిచ్చింది నేను, నువ్వు కాదు అన్నాను. నిన్ను కాపాడటానికి నేనింత తిప్పలు పడుతుంటే నువ్వే పోయి తల అప్పగిస్తావా అన్నాను. ఆ పిల్ల సరే అక్కా అని మంచం అంచున కూర్చుంది.

ఫారం నేనే నింపాను. గదిలో ఉంటున్నవారు: ఇద్దరు. ఇబ్బందులు: ఏమీ లేవు. కప్పు కారుతోందన్నది కూడా రాయలేదు. కారుతోందంటే చూడటానికి మనిషొస్తాడు, మనిషొస్తే పరుపు చూస్తాడు. నేను, మా తెనాలి అమ్మాయి సంతకాలు చేశాం. మా అంతస్తులో అవతలి వరుసల్లో ఇంకో మూడు తెలుగు గదులుండేవి. సీనియర్నని అందరూ నన్నే అడిగారు. అందరిచేతా ఇద్దరనే రాయించాను. మా ఫారాన్ని ఇంకోసారి పైనుంచి కిందిదాకా చూశాను. ఆ పిల్ల పేరు ఎక్కడా లేదు. అది చూసుకుని నేను తృప్తి పడ్డాను.

నెల తిరగకుండానే మెస్ దగ్గర లిస్టు అంటించారు. ముందు నేనే చూశాను. పేర్లు, పక్కన గది నంబర్లు. మా వరుస చివర ఉండే మలయాళీ పిల్లల గది, కింది అంతస్తులో అస్సాం పిల్లల గది, ఇంకా చాలా ఉన్నాయి. మా గది లేదు. తెలుగు గదులు ఒక్కటీ లేవు. గెంటేసేవాళ్ల లిస్టు అనుకున్నాను. బతికిపోయాం, నేను చెప్పలేదా అని గట్టిగానే అన్నాను. పక్కన నిలబడ్డ మా తెనాలి అమ్మాయి మెడ ఎత్తి పైనున్న హెడ్డింగ్ చదివింది.

"పైన చదివావా?" అంది.

చదవలేదు. నాకు కింది అక్షరాలు వెతికే అలవాటే తప్ప పైన చూసే అలవాటు లేదు. గదుల్లో ఉంటున్న వెయిటింగ్ లిస్టు విద్యార్థినులకు కొత్త బ్లాకులో మంచాలు కేటాయించడమైనది అని ఉంది అందులో.

ఆ మధ్యాహ్నమే ఆ పిల్లను తీసుకుని వార్డెన్ దగ్గరికి పరిగెత్తాను. మేడమ్ మాకు కుర్చీలు చూపించింది. విషయం చెప్పాను, హిందీలో తడబడుతూ. ఆమె ఫైలు తెరిచి మా ఫారం తీసి బల్ల మీద పెట్టింది. "ఆప్ లోగోఁ నే ఖుద్ లిఖా హై. దో." మీరే రాశారు, ఇద్దరని. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు కొంచెం బావుండేది.

తరువాత మెల్లగా చెప్పింది. ఎంతమందికి మంచాల్లేవో లెక్క చూపిస్తేనే పైవాళ్లు ఒప్పుకున్నారట. ఎన్ని పేర్లు తీసుకెళ్లిందో సరిగ్గా అన్ని మంచాలే రాసిచ్చి ఫైలు మూసేశారట. మిగిలిన గదులు విదేశీ విద్యార్థులకని పక్కన పెట్టారట. "నాకు మీ గది మీద సందేహం ఉండింది" అంది. "బయట ఎప్పుడూ రెండు జతల చెప్పులే. తాడు మీద మాత్రం మూడు తువ్వాళ్లు. కానీ నేను లోపలికొచ్చి చూస్తే భయపడతారని రాలేదు. రాయాలనుకుంటే మీరే రాస్తారని అనుకున్నాను."

సిగ్గుతో చచ్చిపోవాల్సిన ఆ క్షణంలో కూడా నా బుర్రలో ఒక మూల ఏం మెదిలిందో చెబితే నమ్మరు. ఈమె ఇప్పుడు నిజం చెబుతోందా, లేక ముగ్గురమని మా నోటితో ఒప్పించి మా సీట్లు తీసేస్తుందా అని. ఆమె మా సీట్లు తీయలేదు. మళ్లీ అడిగి చూస్తానంది, రెండుసార్లు లెటరు పెట్టింది కూడా. జవాబు రాలేదు.

బయటికొచ్చాక మెట్ల మీద ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, తప్పు నాదే అన్నాను. "నువ్ నా మంచికే చేసినవక్కా" అంది. అప్పుడైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఏప్రిల్‌లో పాత హాస్టల్ ఖాళీ చేశాం. కొత్త బ్లాకు గేటు దగ్గర మొహం చూసి తలుపు తీసే మిషన్ పెట్టారు. మా ఇద్దరి మొహాలు అందులో ఎక్కించారు. ఇక దాచడానికి మంచం కిందా లేదు, బాల్కనీ దుప్పటీ లేదు. ఆ పిల్ల ఢిల్లీ దాటాక ఉండే ఇందిరాపురంలో నాకు తెలిసిన ఒక తెలుగు ఆంటీ ఇంట్లో ఉండటానికి వెళ్లింది. గది ఉచితమే. సాయంత్రం ఆరింటికల్లా ఇల్లు చేరి వాళ్ల పిల్లలిద్దరికీ హోంవర్క్ చేయించాలి, అదే షరతు. వెళ్లే రోజు మంచం కింద నుంచి ఆ పేపరు పొట్లం తీసి, విప్పి, నీలం పట్టీల చెప్పులు గుమ్మం బయట మా చెప్పుల పక్కన పెట్టింది. పెట్టె తెచ్చుకోవడానికి మళ్లీ లోపలికొచ్చింది. ఆ కాసేపు మా గుమ్మం ముందు మూడు జతలున్నాయి. అన్నాళ్లలో అదే మొదటిసారి.

ఇందిరాపురం నుంచి క్యాంపస్‌కు ఆటో, మెట్రో, మళ్లీ బస్సు. పొద్దుటి క్లాసు అందేది కాదు, సాయంత్రం క్లాసు పూర్తిగా వినేదాకా ఆగలేకపోయేది. ఇంట్లో మాత్రం హాస్టల్లోనే ఉన్నానని చెప్పింది. ఆ అబద్ధం కూడా నా దగ్గర నేర్చుకున్నదే. తరువాతి సెమిస్టర్‌లో హాజరు చాలక పరీక్షకు కూర్చోనివ్వబోమని నోటీసొచ్చింది. దాని కాపీ ఇంటి అడ్రసుకు పోయింది.

వారం తిరక్కుండా ఆ పిల్ల తండ్రి వచ్చాడు. చెప్పకుండా నేరుగా కొత్త బ్లాకు గేటు దగ్గరికొచ్చి, కూతురి పేరు చెప్పాడు. గార్డు మిషన్లో వెతికి లేదన్నాడు. స్పెల్లింగ్ మార్చి మళ్లీ వెతకమన్నాడట. అప్పటికీ లేదు. నా పేరు చెబితే నాకు ఫోనొచ్చింది. దిగి వెళ్లేసరికి మధ్యాహ్నపు ఎండలో చేతిసంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వెనుక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. రావడం లేదని అర్థమయ్యాక ఒకే మాట అన్నాడు.

"నీ పూచి అంటివి గద బిడ్డా."

నేను వార్డెన్ని అనలేదు, యూనివర్సిటీని అనలేదు. ఆ ఆదివారం ఆ పిల్లను తీసుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు మా జిల్లాలోనే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతోంది. ఎప్పుడు మెసేజ్ పెట్టినా "బాగున్న అక్కా" అని జవాబిస్తుంది. ఎం.ఏ. మాట తానెత్తదు, నేనూ ఎత్తను. పాత హాస్టల్ మాత్రం చక్కగా తయారైంది. కప్పు కారదు, వేడినీళ్లు పైదాకా ఎక్కుతాయి. ఒకసారి వెళ్లి చూసి, మెట్ల దగ్గరి నుంచే తిరిగొచ్చేశాను.

అందుకే ఇక్కడి కమిటీలో పాత హాస్టల్ మాటొచ్చినప్పుడు నేను మొదట అడిగింది డబ్బు గురించి కాదు. ఎంతమంది ఉంటున్నారని. "గదికి ఇద్దరు మేడమ్, రికార్డులో స్పష్టంగా ఉంది" అన్నాడు రిజిస్ట్రార్. "కొరత లేదు. కొరతే లేనప్పుడు ఖర్చెందుకు? ముందు వైపు రిసెప్షన్ హాలుకు అద్దాలు పెట్టిస్తే అడ్మిషన్లకు వచ్చేవాళ్లు చూస్తారు." ఆ రికార్డు నమ్మనన్నాను. అయితే మీరే గది గదికీ తిరిగి రాసుకురండి, గురువారం మూడింటి మీటింగులో తేలుద్దామన్నాడు. నేను ఊరుకోలేదు. రాసినందుకు ఏ పిల్లనూ బయటికి పంపబోమని కాగితం మీద ఇవ్వమన్నాను. ఆయన నవ్వాడు. "అచ్ఛా, మీరు మరీ అనుమానిస్తున్నారు. కుచ్ నహీ హోగా, మేడమ్."

కాగితం ఇవ్వలేదు. గురువారం పొద్దున ఫారాలు పట్టుకుని నేనే బయల్దేరాను. గార్డు వస్తానంటే వద్దన్నాను. మొదటి అంతస్తంతా గదికి ఇద్దరే అన్నారు. పై అంతస్తులో వరండా మొత్తం మీద ఒక్క గది ముందే చెప్పులున్నాయి. శుభ్రంగా రెండు జతలు. తలుపు మీది పేర్లు చదవకుండానే మనవాళ్లని తెలిసిపోయింది. నా చెప్పులు కూడా వాటి పక్కనే విడిచి తలుపు కొట్టాను.

తలుపు తీసిన అమ్మాయి అనంతపురం వైపు మనిషని రెండో మాటకే అర్థమైంది. తెలుగులో పలకరిస్తే మొహం వికసిస్తుందనుకున్నాను. ఇంకా ముడుచుకుపోయింది. ఎంతమంది ఉంటున్నారమ్మా అన్నాను.

"ఇద్దరమే మేడం."

వెనుక మంచం మీద రెండో అమ్మాయి తల వంచుకుని ఫోను చూసుకుంటోంది. కిటికీ గట్టు మీద గ్లాసులో మూడు టూత్ బ్రష్షులు. మంచం కింద న్యూస్ పేపరు పొట్లం, ఒక మూల నుంచి మడమ భాగం బయటికి కనిపిస్తోంది. బాల్కనీ తలుపు దగ్గరగా వేసి ఉంది.

"నిజం రాయండమ్మా. ఏం కాదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఊడిపడ్డాక నాకే భయమేసింది. ఆ అమ్మాయి నా వంక చూసింది. మర్యాదగా నవ్వింది కూడా. ఆ నవ్వు నాకు బాగా తెలుసు.

ఇక నేను నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. రాడ్డు దగ్గర్నుంచి గేటు దగ్గరి ఎండ దాకా. రెండో అమ్మాయి ఫోను పక్కన పెట్టింది. నేను ముగించాక ఆ అనంతపురం అమ్మాయి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఆయక్కకు మళ్లా సీటు రాల్యాదా?" అంది.

"రాలేదు."

"మేడం, మేము ముగ్గురని రాసినాక ఆ పాపను బయటికి పంపరని మీరు రాసిస్తారా?"

నాకే ఎవరూ రాసివ్వని మాట నేనెలా రాసిచ్చేది. కమిటీలో నా మాట చెల్లుతుందన్న నమ్మకం నాకు లేదు. అలాగని ఫారంలో ఇద్దరనే రాసుకుని దిగిపోతే, మూడింటికి ఆ రిజిస్ట్రార్ అద్దాల హాలు గెలుస్తుంది, బాల్కనీలో ఉన్న పిల్లకు ఎప్పటికీ మంచం ఉండదు. నా డైరీలోంచి ఒక కాగితం చింపాను. ఈ పిల్లను హాస్టల్ నుంచి పంపితే, ఆమెకు మంచం దొరికేదాకా క్యాంపస్ క్వార్టర్స్‌లో మా ఇంట్లో ఉంటుందని రాశాను. క్వార్టర్ నంబరు, నా సంతకం, ఫోను నంబరు. ఈసారి నా చేతిలో ఉన్నదే రాశాను.

ఆ అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివింది. వెనక్కి తిప్పి అటు వైపు కూడా ఏమైనా ఉందేమోనని చూసింది. అది చూసి నాకు ముచ్చటేసింది. మడిచి పుస్తకంలో పెట్టుకున్నాక బాల్కనీ వైపు తిరిగి, "రా పాపా" అంది. తలుపు తోసుకుని ఒక సన్నటి పిల్ల వచ్చి, నాకు నమస్కారం పెట్టి, గోడనానుకుని నిలబడింది. ఫారంలో ముగ్గురని రాశారు. కప్పు కారుతోందని కూడా రాశారు. మూడు సంతకాలు చేశారు.

నేను గుమ్మం బయట నా చెప్పులేసుకుంటున్నాను. ఆ సన్నటి పిల్ల మంచం కింద నుంచి పొట్లం తీసి విప్పి, తన చెప్పులు తెచ్చి మిగతా రెండు జతల పక్కన పెట్టింది. నా వంక చూసి నవ్వింది, ఈసారి మామూలుగా.

"ఆ జత లోపలే ఉంచమ్మా" అన్నాను. "మూడింటికి మీటింగుంది. నేను తిరిగొచ్చి చెప్పినంక బయట పెట్టుకో."

ఆ పిల్ల వంగి చెప్పులు చేతిలోకి తీసుకుని, వరండాలో అటూ ఇటూ చూసి, లోపలికి వెళ్లింది.